పోటు ఎంతదాకా వస్తుందిరా?

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఓ తెలుగింట్లో 2025 వేసవంతా ఒకటే చర్చ. పెళ్లి సంబంధం గురించి కాదు, ఇల్లు కొనడం గురించీ కాదు. సముద్రపు పాయ ఒడ్డున ఇసుకలో గుడారం వేసుకుని ఒక్క రాత్రి పడుకోవడం గురించి!

ఆ ఇంటాయనకి యాభై దాటాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కూతురికి పదహారేళ్లు. స్కూలు పిల్లలతో కలిసి ఓసారి సరస్సులో కయాక్ ఎక్కింది మొదలు తండ్రిని వదల్లేదు. కయాక్ అంటే సన్నగా పొడుగ్గా ఉండే పడవ. కూర్చుంటే నడుందాకా అందులోకి దిగిపోతాం. రెండు కొసలా ఆకులున్న ఒకే తెడ్డుతో కుడీ ఎడమా నీళ్లు తోసుకుంటూ పోవాలి. ఉత్తర ధ్రువ ప్రాంతపు వేటగాళ్లు ఒకప్పుడు సీల్ తోళ్లతో చేసుకున్న పడవ అది. ఇప్పుడు ప్లాస్టిక్‌తోనూ ఫైబర్‌గ్లాస్‌తోనూ చేస్తున్నారు. సముద్రం మీదికి తీసుకెళ్లే రకానికి ముందూ వెనకా నీళ్లు చొరని అరలుంటాయి. గుడారం, దుప్పట్లు, తిండి, తాగునీళ్లు అన్నీ వాటిలో సర్దేసుకుంటే కారు పోలేని ఒడ్డుకి కూడా పోయి మకాం వేయొచ్చు.

ఆ తండ్రీకూతుళ్లు ఎంచుకున్న చోటు టొమాలెస్ బే. శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన, మ్యాపులో ఎవరో గీత గీసినట్టు తిన్నగా లోపలికి చొచ్చుకొచ్చిన పాయ. పొడవు దాదాపు 24 కిలోమీటర్లు, వెడల్పు కిలోమీటరున్నర. అంత తిన్నగా ఉండటానికి కారణం ఉంది. అది శాన్ ఆండ్రియాస్ అనే భూమి చీలిక మీద ఉంది. 1906లో శాన్‌ఫ్రాన్సిస్కోని కుదిపేసిన భూకంపానికి ఆ చుట్టుపక్కల నేల ఆరు మీటర్ల దాకా పక్కకి జరిగింది. ఇవేమీ తెలియనట్టు పాయ మాత్రం తెల్లవారుజామున అద్దంలా ఉంటుంది. తూర్పు ఒడ్డున రోడ్డు, ఆల్చిప్పలు పెంచే చిన్న ఊళ్లు. పడమటి ఒడ్డు పాయింట్ రేయిస్ జాతీయ తీరప్రాంతంలోది. అక్కడి చిన్నచిన్న ఇసుక ఒడ్డుల్లో రాత్రి ఉండాలంటే పడవ మీదే వెళ్లాలి, ముందుగా పర్మిట్ తీసుకోవాలి. శనివారాలకి గిరాకీ ఎక్కువ. మన పండగల ముందు రైలు రిజర్వేషన్లలాగే.

పర్మిట్‌తో పాటు నియమాల చిట్టా కూడా వచ్చింది. ఒడ్డున మంచినీళ్లు దొరకవు, మోసుకెళ్లాలి. మనిషికి రోజుకి నాలుగు లీటర్లన్నది అక్కడివాళ్ల లెక్క. తిండి గట్టి మూతల డబ్బాల్లో పెట్టాలి, లేకపోతే రాత్రి రకూన్లు, పగలు కాకులు పంచుకుంటాయి. సీళ్లకి మూడొందల అడుగుల దూరంలో ఉండాలి. మట్టి కొండచరియల కిందా, గడ్డి మొలిచిన చోటా గుడారం వేయకూడదు, ఇసుకలోనే వేయాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, మనిషి మలాన్ని కూడా ఒడ్డున వదలకూడదు. దానికంటూ ఓ పెట్టె తీసుకెళ్లి, అందులోనే తిరిగి మోసుకురావాలి.

ఇది విని ఆ ఇంటి పెద్దావిడ నోరు నొక్కుకుంది. “అన్నీ ఉన్న దేశానికొచ్చి ఇదేం ఖర్మరా!” అంది. ఆర్నెల్లు ఉండిపోదామని కొడుకు దగ్గరికొచ్చిన ఆవిడది దివిసీమ. డెబ్బై దాటాయి.

అసలు ఈ ప్రయాణం ఎందుకంటే ఓ వెలుగు చూడాలని. వేసవి చివర, శరదృతువు మొదట్లో టొమాలెస్ బే నీళ్లలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు పెరుగుతాయి. నీళ్లు కదిలితే చాలు, మిణుగురుల్లా వెలుగుతాయి. తెడ్డు వేస్తే తెడ్డు చుట్టూ నీలి వెలుగు, చేప పారితే దాని వెనకే గీత. వెన్నెల ఉంటే ఏమీ కనిపించదు, చీకటి కావాలి. అందుకని కూతురు క్యాలెండర్ చూసి అమావాస్య పట్టుకుంది. సెప్టెంబరు 21, ఆదివారం. దాని ముందు శనివారం రాత్రికి పర్మిట్ దొరికింది. తండ్రి ఎగిరి గంతేశాడు.

గోడకున్న తెలుగు క్యాలెండర్ దగ్గర నిలబడి పెద్దావిడ చదివింది. “మహాలయ అమావాస్యరా ఇది!”

పితృదేవతలకి నీళ్లు వదిలే రోజు. ఆ రోజు ప్రయాణమే వద్దంటారు, పైగా నీళ్ల మీద ప్రయాణం. కొడుకు నవ్వేసి ఊరుకుందామనుకున్నాడు. ఇరవై ఏళ్లకు పైగా అమెరికాలో ఉన్నవాడు మరి. కానీ ఆవిడ అమావాస్య గురించి రెండోసారి మాట్లాడలేదు. రాత్రి భోజనాలయ్యాక వేరే ప్రశ్న వేసింది.

“ఆ రాత్రి పోటు ఎంతదాకా వస్తుందిరా?”

కొడుకు దగ్గర పోటుపాట్ల పట్టిక ఉంది. అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా ప్రతి రేవుకీ లెక్క కట్టి ముందే ప్రకటిస్తుంది. దాంట్లో ఆయన చూసుకున్నది పడవ దింపే వేళ, తిరిగొచ్చే వేళ... అంతే. నిద్రపోయే వేళ చూడలేదు. ఇప్పుడు చూశాడు. శనివారం అర్ధరాత్రి దాటే ప్రాంతంలో పెద్ద పోటు!

ఇందులో వింతేం లేదు. అమావాస్యకీ పున్నమికీ సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో నిలబడి నీళ్లని లాగుతారు కాబట్టి పోటు పెద్దది. ఆ పెద్ద పోటు వేళ కూడా ఒక్కో రేవుకీ దాదాపు ఖాయం. అమావాస్య ఏ నెలలో వచ్చినా ఆ రేవులో కాస్త అటూ ఇటూగా అదే గంటకి వస్తుంది. ఆ తీరంలో అది మధ్యాహ్నం, నడిరాత్రి ప్రాంతం. పాయ పడమటి ఒడ్డు ఇసుక చాలాచోట్ల సన్నటి పట్టీ. వెనక నిలువుగా మట్టిచరియ. పోటు నిండితే కొన్ని ఒడ్డుల్లో గుడారం వేసేంత చోటూ మిగలదు. వెలుగు చూడటానికి మంచి రాత్రే పడుకోవడానికి చెడ్డ రాత్రన్నమాట! కయాక్ ప్రయాణాల పుస్తకాలు పొయ్యి ఏది కొనాలి, చెప్పులు ఏవి వేసుకోవాలి అని పేజీలకు పేజీలు రాస్తాయి. ఈ ఒక్క ముక్కా మొదటి పేజీలో ఉండాల్సింది.

పెద్దావిడకి ఇది పుస్తకంలో చదివి తెలిసింది కాదు. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమ మీదికి ఉప్పెన వచ్చి వేలమందిని తీసుకుపోయిన రోజు. ఆవిడకప్పుడు పాతికేళ్లు దాటాయి. చంకలో నాలుగేళ్ల కొడుకు... ఇప్పుడు కయాక్ ఎక్కుతానంటున్నది అతనే. ఊళ్లో ఉన్న ఒక్క డాబా మీదికి ఎక్కినవాళ్లలో తల్లీకొడుకులున్నారు. ఆవిడ తమ్ముడు గొడ్లని విప్పి వస్తానని వెనక్కి వెళ్లాడు. పంతొమ్మిదేళ్లవాడు. మళ్లీ కనిపించలేదు. ఆ విషయం ఇంట్లో ఎవరూ అడగరు, ఆవిడా చెప్పదు. ఏటా మహాలయ అమావాస్యకి మాత్రం ఒక ఆకు ఎక్కువ వేస్తుంది.

ఉప్పెనకీ పోటుకీ పోలిక లేదని కొడుకుకి తెలుసు. ఒకటి తుపాను గాలి తోసుకొచ్చే నీళ్లగోడ, రెండోది గడియారంలా వచ్చిపోయే చంద్రుడి లెక్క. ఆ మాట తల్లికి చెప్పబోయి మానుకున్నాడు. అడిగిన ప్రశ్న సరైనదైనప్పుడు, అడిగినవాళ్ల భయం సరైనదా కాదా అని వాదించడం ఎందుకు?

వారం రోజులు పట్టికలు ముందేసుకున్నారు. మొత్తానికి దారి చూపింది కూతురు. అమావాస్యే ఎందుకు? కావలసింది చీకటి కదా. శుక్లపక్షంలో నెలవంక సాయంత్రమే కనిపించి తొందరగా మునిగిపోతుంది. సెప్టెంబరు 27, శనివారం. షష్ఠి. చంద్రుడు రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతానికే అస్తమిస్తాడు, ఆ తర్వాత కాటుక చీకటి. పోటు కూడా అప్పటికి మెత్తబడుతుంది. ఇంకో వాటమైన సంగతేంటంటే, ఆ తీరంలో రోజూ వచ్చే రెండు పోట్లూ ఒకే ఎత్తుండవు. ఆ రోజు పెద్దది సాయంత్రం పూట, చిన్నది తెల్లవారుజామున. అంటే గుడారం వేసేముందే నీళ్లు ఎందాకా వస్తాయో కళ్లారా చూసుకోవచ్చు. రాత్రి అంతకన్నా పైకి రావు.

పాత పర్మిట్ వదులుకున్నారు. కొత్తది వెంటనే దొరకలేదు. ఎవరో మానుకున్న చోటు కోసం పది రోజులు పొద్దునా సాయంత్రం చూడగా చూడగా దొరికింది.

“షష్ఠి మంచిదే. దసరా రోజులు కూడాను” అంది పెద్దావిడ. అంతకుమించి ఒప్పుకున్నట్టు చెప్పలేదు.

తర్వాత చలినీళ్ల సంగతి. ఎండ కాస్తుంటే జనం చొక్కా వేసుకుని పడవెక్కేస్తారు. అక్కడే ప్రాణం మీదికి వస్తుంది. టొమాలెస్ బేలో నీళ్లు మన తీరంలోలా గోరువెచ్చగా ఉండవు. పాయ మొగదల పసిఫిక్ నీళ్లు పది, పదమూడు డిగ్రీలు. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో చలినీళ్ల మీద పరిశోధన చేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పే లెక్క ఒకటుంది. చలినీళ్లలో పడ్డాక మొదటి నిమిషం ఊపిరి ఎగబీలుతుంది, ఆ నిమిషం ఊపిరి సంభాళించుకోవాలి. తర్వాత పది నిమిషాలే చేతులు చెప్పినట్టు వింటాయి. ఒళ్లు చల్లబడి స్పృహ తప్పడానికి గంట దాకా పడుతుంది. లైఫ్ జాకెట్ లేనివాడికి చాలాసార్లు ఆ గంట దాకా అవకాశమే ఉండదు. అందుకే గాలిని బట్టి కాదు, నీళ్లని బట్టి బట్టలు వేసుకోమంటారు. తండ్రీకూతుళ్లు వెట్ సూట్లు తొడుక్కుని ఇంటికి దగ్గర్లోని సరస్సులో నాలుగు ఆదివారాలు కావాలని పడవ బోల్తా కొట్టించుకున్నారు. నీళ్లలోంచే మళ్లీ ఎక్కడం, లోపలి నీళ్లు పంపుతో తోడేయడం. మొదటి ఆదివారం ఆయనకి ఇరవై నిమిషాలు పట్టింది. పది నిమిషాలే చేతులు పనిచేస్తాయన్న లెక్క పక్కన పెట్టుకుని చూస్తే ఇదేం బాగాలేదు. నాలుగో ఆదివారానికి మూడు నిమిషాలకి వచ్చారు. సరస్సు ఒడ్డున మడతకుర్చీలో కూర్చుని ఫోనులో గడియారం చూసి చెప్పింది ఆయన భార్య. ఆమెకి నీళ్లంటే సరిపడదు.

ఇద్దరే వెళ్లడం మంచిది కాదని కయాక్ అలవాటున్న ఆఫీసు మిత్రుడినీ ఆయన భార్యనీ పిలిచారు. రెండు జంట కయాకులు. పాయ మొగ వైపు పోకూడదని ముందే ఒట్టు. పాటు తీసేటప్పుడు బయటికి లాగే నీళ్లూ, లోపలికొచ్చే అలా అక్కడ ఢీకొంటాయి. వేసవి రోజుల్లో మధ్యాహ్నమైతే వాయవ్యం నుంచి గాలి లేచి పాయ పొడవునా వీస్తుంది కాబట్టి ఉదయమే దాటాలి. దాటలేకపోతే? తిరిగొచ్చేయాలి. రేవు దగ్గర తెల్లటి నురగలు కనిపిస్తే పడవలు కార్ల మీంచి దింపకుండానే ఇంటికి పోవాలని మిత్రుడు అందరిచేతా అనిపించాడు.

ఇక మిగిలింది ఒడ్డున ఉండే మనిషి. దీన్ని ఫ్లోట్ ప్లాన్ అంటారు. ఎవరెవరు వెళ్తున్నారు, పడవల రంగులేమిటి, ఏ రేవులో దిగుతారు, ఏ ఒడ్డున ఉంటారు, ఎన్నింటికల్లా ఫోన్ చేస్తారు, చేయకపోతే ఎవరికి చెప్పాలి... ఇవన్నీ కాగితం మీద రాసి ఇంట్లో ఒకరికి ఇవ్వాలి. పాయలో ఫోన్ సిగ్నల్ సరిగ్గా అందదు. వెంట తీసుకెళ్లే రేడియోలో పదహారో ఛానల్లో కోస్ట్‌గార్డ్‌ని పిలవచ్చు. కానీ రేడియో తడిసినా, మనిషి పిలవలేకపోయినా, వెతకడం మొదలుపెట్టించేది ఒడ్డున కాగితం పట్టుకుని కూర్చున్నవాళ్లే.

ఆయన కాగితం భార్యకివ్వబోతే పెద్దావిడ చెయ్యి చాపింది. “నాకివ్వు. తెలుగులో రాసివ్వు.”

రాసిచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు. ఆ లోపు ఫోన్ రాకపోతే కోడలితో 911కి చేయించాలి. “ఇంకో పావుగంట చూద్దాం అనుకోవద్దమ్మా. రెండంటే రెండే” అన్నాడు.

“నేనెందుకు చూస్తానురా!” అంది ఆవిడ.

శనివారం తెల్లవారుజామున బయల్దేరేటప్పుడు పులిహోర డబ్బా, పెరుగన్నం డబ్బా ఇచ్చింది. పులిహోర మంచి ఎంపికే. వేడి చేయక్కర్లేదు, రెండు రోజులు నిలవుంటుంది, పొయ్యి వెలిగించే పని తప్పుతుంది. కయాక్ పుస్తకాలు రాసేవాళ్లకి ఇది తెలిసినట్టు లేదు.

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి కాస్త ముందు ఫోన్ మోగింది. కోడలు తీసి స్పీకర్ పెట్టింది. అవతల మనవరాలు.

“పోటు ఎందాకా వచ్చింది?” పెద్దావిడ మొదటి మాట అదే.

“సాయంత్రం ఎందాకా వచ్చిందో చూసి పుల్ల పాతాను నానమ్మా. పొద్దున లేచి చూస్తే నీళ్లు పుల్ల దాకా కూడా రాలేదు.”

“మరి వెలుగు?”

మనవరాలు ఇంగ్లీషూ తెలుగూ కలిపి ఊపిరాడకుండా చెప్పింది. చెయ్యి ముంచితే వేళ్ల మధ్య చుక్కలు జారాయట. ఎక్కడో సీల్ మునిగితే నీళ్ల కింద తోకచుక్క పోయినట్టు ఉందట. పెద్దావిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కోడలితో అంది, తమ్ముడు రాత్రిళ్లు స్నేహితులతో కాలవలో వల వేయడానికి వెళ్లొచ్చి చెప్పేవాడట, వల లాగితే నిప్పులు రాలినట్టుంటుందక్కా అని. వాడు కోతలు కోస్తున్నాడనుకుని ఇంట్లో అందరూ నవ్వేవాళ్లట.

సాయంత్రం వాళ్లొచ్చాక మనవరాలు ఫోనులో తీసిన వీడియో చూపించింది. ఏమీ పడలేదు. ఆ వెలుగు ఫోను కెమెరాకి అందేది కాదు. నల్లటి తెర, తెడ్డు నీళ్లలో పడే చప్పుడు, మధ్యలో ఎవరో “అదిగో అదిగో” అనడం. పెద్దావిడ కళ్లజోడు తెప్పించుకుని, మళ్లీ మొదటినుంచి పెట్టమంది.