చదువుకోవడానికి వచ్చినవాళ్ల పేట

అటు కింగ్ కోఠీ ప్రహరీ, ఇటు హుస్సేన్‌సాగర్ నుంచి మూసీకి పోయే నాలా. ఈ రెంటి మధ్య హైదర్‌గూడ, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. ఏది ఎక్కడ ముగుస్తుందని అక్కడివాళ్లను అడిగినా తలో హద్దు చెబుతారు. హైదరాబాద్ చూడ్డానికి వచ్చినవాళ్లు చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం చూసి, బిర్యానీ తిని రైలెక్కేస్తారు. అవి చూడాల్సినవే. అయితే ఈ నగరంలో తెలుగు చదువు ఎలా నిలదొక్కుకుందో, జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఇవాళ ఏ ఆశ మీద బతుకుతున్నారో తెలియాలంటే ఒక పూట ఈ వీధుల్లో నడవాలి. చూడదగ్గ చోట్ల జాబితాలో ఈ పేటకు చోటుండాలని నేను గట్టిగా నమ్ముతాను.

హైదర్‌గూడ వైపు నుంచి మొదలుపెడితే ముందు తగిలేది కింగ్ కోఠీ. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇల్లు అది. రాజ్యం పోయాక కూడా అక్కడే ఉండి, 1967 ఫిబ్రవరి 24న అక్కడే కన్నుమూశాడు. ఎదురుగా ఉన్న జూడీ మసీదులో ఆయన సమాధి. ఆ ప్రాంగణంలో ఒక భాగం ఇప్పుడు ప్రభుత్వాసుపత్రి. ఇక ఇప్పటి హైదర్‌గూడ అంటే ఎమ్మెల్యే క్వార్టర్లు, ఆసుపత్రులు, వరసగా మందుల షాపులు. అవి దాటి నారాయణగూడ వైపు రావాలి.

నారాయణగూడలో ఒక బడి ముందు తప్పకుండా ఆగాలి. మాడపాటి హనుమంతరావు బాలికల ఉన్నత పాఠశాల. దాని కథ కోఠీ దగ్గరి వివేకవర్ధిని థియేటర్‌లో మొదలైంది. 1921 నవంబరులో అక్కడ సంఘ సంస్కార మహాసభ జరిగింది. అధ్యక్షుడు పుణె నుంచి వచ్చిన మహర్షి కార్వే. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ఉపన్యాసాలు సాగాయి. అల్లంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది లేచి తెలుగులో మొదలుపెట్టగానే సభలో గేలి, చప్పట్లు, అల్లరి. సంస్థానంలో ఎక్కువమంది మాట్లాడే భాషకు రాజధానిలో దక్కిన మర్యాద అది. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. దాన్ని నిలబెట్టి నడిపినవాళ్లలో మాడపాటి ముఖ్యుడు.

ఆయన కోపాన్ని ఉపన్యాసాల్లో ఖర్చు పెట్టలేదు. 1928లో ఆడపిల్లలకు తెలుగులో పాఠాలు చెప్పే బడి పెట్టించాడు. అప్పటికి ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పదేళ్లు. అక్కడ బోధన ఉర్దూలో. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలను మెట్రిక్ పరీక్షకు కూర్చోబెట్టడానికి దారి లేకపోయింది. అందుకని ఈ బడి కార్వే మహిళా విశ్వవిద్యాలయంతో ముడిపెట్టుకుంది. ఏ సభలో తెలుగు గొంతును లేవనివ్వలేదో, ఆ సభకు అధ్యక్షత వహించిన మనిషి విశ్వవిద్యాలయమే తెలుగు ఆడపిల్లల చదువుకు ముద్ర వేసింది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. గేటు లోపల ఇప్పటికీ పిల్లల గోల వినిపిస్తుంటే ఇంకా ఎక్కువగా.

బడి పెట్టినాయన 1951లో హైదరాబాద్ నగరానికి మొదటి మేయరయ్యాడు. ఆ చుట్టుపక్కలే జస్టిస్ కేశవరావు కోరట్కర్ పేరిట 1940లో మొదలైన కేశవ్ మెమోరియల్ విద్యాసంస్థలున్నాయి. నగర కొత్వాలుగా పనిచేసిన రాజబహదూర్ వెంకటరామారెడ్డి పేరు మీద 1954 నుంచి నడుస్తున్న మహిళా కళాశాల ఉంది. సాయంత్రం నాలుగు దాటాక నారాయణగూడ చౌరస్తాలో నిలబడితే ఆ మనుషుల ఆలోచన రోడ్డు మీద బ్యాగులు తగిలించుకుని నడిచి వెళ్తుంటుంది.

అక్కడి నుంచి మెట్రో స్తంభాల నీడన ఉత్తరానికి వస్తే చిక్కడపల్లి. ఈ పేటకు గుండెకాయ ఇక్కడి నగర కేంద్ర గ్రంథాలయం. తలుపులు తీయకముందే గేటు దగ్గర మనుషులుంటారు. భుజాన బ్యాగు, అందులో నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా, అండర్‌లైన్లతో నిండిపోయిన పుస్తకం. లోపల కుర్చీలు నిండిపోతే వరండాలు, వరండాలు నిండితే చెట్ల కింద. పేపర్లు చదివే పెద్దవాళ్లు, కథల పుస్తకాల కోసం వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ నూటికి తొంభైమంది పోటీ పరీక్షల పిల్లలే అనిపిస్తుంది. గ్రూప్స్, ఎస్సై, కానిస్టేబుల్, డీఎస్సీ. ఖమ్మం, పాలమూరు, ఆదిలాబాద్, నల్గొండ యాసలన్నీ ఒకే టీ బండి దగ్గర వినిపిస్తాయి.

"అన్నా, ఈసారి కటాఫ్ ఎంతుంటదంటవ్?"

"కటాఫ్ సంగతి తర్వాత తమ్మీ. పాలిటీ ఒక్కసారన్నా తిరగేసినవా?"

ఒకరి మెయిన్స్ జవాబు ఇంకొకరు దిద్దుతారు. అన్న అని పిలిపించుకునే మనిషికి ముప్ఫై దాటి ఉంటాయి. ఊళ్లో ఇల్లు కట్టాల్సిన వయసు, పెళ్లి చేసుకోవాల్సిన వయసు ఈ చెట్ల కింద గడిచిపోతుంటుంది. దాన్ని చూసి జాలిపడితే సరిపోదు, గౌరవించాలి. ఇంత పట్టుదల ఇంతమందిలో ఒకే చోట నేను ఇంకెక్కడా చూడలేదు.

గ్రంథాలయం వెనకనున్న అశోక్‌నగర్ మొత్తం ఈ పిల్లల కోసమే మారిపోయింది. ఒకప్పటి ఉద్యోగుల ఇళ్లు అంతస్తులు పెంచుకుని హాస్టళ్లయ్యాయి. కోచింగ్ సెంటర్ల బోర్డులు, గోడలనిండా 'రూమ్ టు లెట్' కాగితాలు, స్పైరల్ బైండింగ్ నోట్సులు గుట్టలు పోసిన జిరాక్స్ షాపులు, తెలుగు అకాడమీ పుస్తకాల దుకాణాలు, గంటల లెక్కన కాకుండా నెలకింతని సీటు అద్దెకిచ్చే రీడింగ్ రూములు. ముగ్గురు నలుగురు కలిసి ఒక గది తీసుకుంటారు. అన్నం గదిలో వండుకుని కూర మాత్రం కర్రీ పాయింట్‌లో కట్టించుకుంటారు. ఇంటి నుంచి డబ్బు రావడం ఆలస్యమైన నెలలో నగరపాలక సంస్థ పెట్టే ఐదు రూపాయల భోజనమే ఆదరువు.

వీళ్ల ఓపికకు పెద్ద పరీక్ష గ్రూప్-1 రూపంలో వచ్చింది. తెలంగాణ ఏర్పడ్డాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో, 503 పోస్టులతో. ఆ అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్. ఆ అక్టోబరు మెయిన్స్ ముందు అశోక్‌నగర్ వీధులు నినాదాలతో, పోలీసులతో నిండిపోయాయి. అప్పుడు రోడ్డెక్కినవాళ్లు అంతకుముందు రోజు వరకు చెట్ల కింద తల ఎత్తకుండా చదివినవాళ్లే. ఒక్క పరీక్షను మూడుసార్లు రాయించిన వ్యవస్థ వాళ్లకు బాకీ పడింది. ఆ బాకీ ఉద్యోగాలతో మాత్రమే తీరేది కాదు, పోయిన ఏళ్లు కూడా అందులో ఉన్నాయి.

ఇక్కడ నన్ను కదిలించే విషయం ఇంకొకటుంది. తెలంగాణ ఉద్యమ చరిత్ర సిలబస్‌లో ఒక పేపరు. అందుకోసం ఈ పిల్లలు 1921 వివేకవర్ధిని సభను, ఆంధ్ర జనసంఘాన్ని, మాడపాటిని కంఠతా పడతారు. ఆ మాడపాటి బడి వాళ్ల హాస్టల్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. ఎవరైనా కోచింగ్ మాస్టారు ఒక ఆదివారం క్లాసును ఆ గేటు ముందు చెబితే, ఆ పాఠానికి షార్ట్ నోట్స్ అక్కర్లేదు.

సాయంత్రమైతే చిక్కడపల్లిలోనే త్యాగరాయ గానసభ తలుపులు తెరుచుకుంటాయి. 1966 నుంచి ఉన్న సభ. సంగీతం, నాట్యం, అవధానం, పుస్తకావిష్కరణ, ఎవరో ఒకరికి సన్మానం. చాలా కార్యక్రమాలకు టికెట్టుండదు. పెద్ద హాల్లో ఒకటి జరుగుతుంటే కళా సుబ్బారావు పేరున్న చిన్న వేదిక మీద ఇంకొకటి నడుస్తుంటుంది. ముందు వరసల్లో తెల్లజుట్టు శ్రోతలు, కూచిపూడి వేషంలో చిన్నపిల్లలు, వాళ్ల జడలు సరిచేస్తూ అమ్మలు. మొదటి పుస్తకం అచ్చేసుకున్న కవి గొంతు వణకడం వినాలంటే ఇక్కడికే రావాలి.

చిక్కడపల్లి దాటగానే వచ్చే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమాలది. సంధ్య, సుదర్శన్, దేవి థియేటర్ల ముందు కటౌట్లు, పాలాభిషేకాలు, డప్పులు. తెలుగు సినిమా జాతకం ఇక్కడ మొదటి రోజే తేలిపోతుందంటారు. 2024 డిసెంబరు 4 రాత్రి ఇక్కడే, సంధ్య దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. ఆ తరవాత ఆ గుంపును చూసి సంబరపడటం నాకు చేతకావడం లేదు.

తిండికి లోటు లేదు. హైదర్‌గూడలో కేఫ్ బహార్ బిర్యానీ, క్రాస్‌రోడ్స్‌లో బావర్చీ, నారాయణగూడ తాజ్‌మహల్ హోటల్లో ఇడ్లీ, కాఫీ.

రాకపోకలకు మెట్రో సులువు. 2020 ఫిబ్రవరి నుంచి జేబీఎస్-ఎంజీబీఎస్ గ్రీన్ లైన్ నడుస్తోంది. నారాయణగూడ, చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వరస స్టేషన్లు. 2023లో తెరిచిన ఉక్కు వంతెన మీద నుంచి వెళ్తే ఇందిరా పార్కు దగ్గర ఎక్కి వీఎస్టీ దగ్గర దిగుతారు, ఈ పేట కిందే ఉండిపోతుంది. కాబట్టి నారాయణగూడలో దిగి, క్రాస్‌రోడ్స్ దాకా నడిచి, అక్కడ మళ్లీ రైలెక్కండి. ఏదైనా నోటిఫికేషన్ పడి పరీక్ష తేదీ ప్రకటించిన నెలల్లో వస్తే ఇంకా మంచిది.