లెక్క సరిపోయిన యాత్ర

యాత్రలను గురించి వ్రాసేవారు సాధారణముగా చూచిన ప్రదేశములను వర్ణించి, ఆతిథ్యమిచ్చిన వారికి కృతజ్ఞతలు చెప్పి ముగిస్తారు. దారిలోని అవాంతరములను ఇల్లు చేరగానే మరచిపోతారు. మా చర్చి యువజన సమాజముతో చేసిన ప్రయాణములలో మాకు బాగా గుర్తుండిపోయినవి మాత్రం ఆ అవాంతరములే. మధ్యాహ్నానికే పులిసిన పెరుగన్నము, తబలా ఒక ఊరిలోనూ వాయించేవాడు మరొక ఊరిలోనూ మిగిలిపోవడము, ఇటువంటివన్నీ తరువాత నవ్వుకోవడానికి పనికివచ్చినవే. నవ్వుకోలేనిది ఒక్కటి ఉన్నది.

ఆ యాత్ర సికింద్రాబాదు నుండి మెదకు చర్చికి. 1914లో పునాది పడి, కరవు రోజులలో ఆకలిగొన్నవారికి పనీ అన్నమూ కల్పిస్తూ పోస్నెట్ దొర కట్టించిన ఆ దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. గోపురము చాలా ఎత్తైనది. అయినా చూడవలసినవి రంగుటద్దాల కిటికీలు మూడు: 1927 నాటి ఆరోహణము, 1947 నాటి జననము, 1958 నాటి సిలువ. (ఆరోహణము ముందూ సిలువ చివరా రావడము మాలో కొందరికి వింతగా తోచింది.) లోపల నిలిచి పగటి వెలుగులో చూస్తేనే ఆ బొమ్మలు కనిపిస్తాయి, పొద్దు గుంకితే అవి నల్లని పలకలే. కనుక మధ్యాహ్నానికల్లా చేరాలని తెల్లవారకముందే బయలుదేరాము.

నర్సాపూరు ఇంకా రాకముందే టైరు పేలింది. స్టెప్నీలోనూ గాలి లేదు. ఎట్లాగో నర్సాపూరు చేరి పంక్చరు వేయించేసరికి మూడు దాటింది. వెంట వచ్చిన సంఘ పెద్ద ఒకరు బస్సు ఎక్కి తలలు లెక్కపెట్టారు. ఉదయం 42. ఇప్పుడూ 42. బస్సు కదిలింది.

సంధ్యవేళ మెదకు చేరాము. కిటికీలు అప్పటికే నల్లబడినవి. ఆ నిరాశలోనే పులిహోర పొట్లాలు పంచుతుంటే ఒకటి మిగిలింది. ఎవరిదని అడిగితే జవాబు లేదు. అప్పుడు తెలిసింది: ఉదయం లెక్కపెట్టే సమయానికి బస్సు పైన సామాను కడుతున్న క్లీనరు కుర్రవాడు, నర్సాపూరులో లోపలికి వచ్చి ఖాళీగా కనిపించిన సీటులో కూర్చున్నాడు. ఆ సీటు, ఆ నెలలోనే సమాజములో చేరిన ఇంటరు విద్యార్థినిది. పెద్దమ్మగారు ఒకరు అడిగినందున అందరి కోసం బోరింగు దగ్గరకు నీళ్ళు పట్టడానికి వెళ్ళిన పిల్ల ఆమె.

అయ్యగారూ, మాలో ఇద్దరూ అదే బస్సులో వెనుకకు వెళ్ళాము. ఆ గంటసేపూ ఎవరమూ మాట్లాడలేదు. నర్సాపూరులో అన్ని దుకాణాలూ కట్టివేశారు, ఒక్క చాయ్ హోటలు తప్ప. దాని యజమాని, తెల్లగడ్డపు ముసలాయన, తన భార్యను ఇంటి నుండి పిలిపించి ఆ పిల్లకు తోడుగా కూర్చోబెట్టాడు. నీళ్ళ క్యాను ఆమె పక్కనే నిండుగా ఉన్నది. ఏడవలేదు. "నా సీటు ఖాళీగా కనబడితే ఎవరైనా అడుగుతారనుకున్నాను" అని మాత్రం అన్నది. అయ్యగారు క్షమించమని చేతులు జోడిస్తే ముసలాయన చాయ్ డబ్బులు కూడా తీసుకోలేదు. "మేకలు కాసేటోడు గూడ మొకాలు చూసి లెక్కవెడతడు అయ్యా" అన్నాడు. మరునాటి ఆరాధనలో తప్పిపోయిన గొర్రె ఉపమానము చదువవలసి ఉన్నది. అయ్యగారు వేరొక భాగము చదివారు.

కిటికీలను ఆ ఉదయం చూచాము. చాలా బాగున్నవి. అంతకంటె వ్రాయడానికి మనసు రావడము లేదు.

తిరిగి వచ్చిన తరువాత కమిటీ సమావేశమైనది. ఇకపై రాత్రి బస ఉండే యాత్రలకు ఆడపిల్లలను తీసికొనిపోరాదని తీర్మానము ప్రతిపాదించారు. వారి భయము అర్థము లేనిదని మేము అనము. ఆ ముసలాయన దుకాణము కట్టి వెళ్ళిపోయి ఉంటే ఏమయ్యేదో తలచుకొంటే ఇప్పటికీ గుండె జారుతుంది. కాని లెక్క తప్పింది ఒకచోట, శిక్ష పడేది మరొకచోట అయితే ఎట్లా? ఆ పిల్ల వెళ్ళినది అందరి దాహము తీర్చడానికి. క్లీనరు కుర్రవాడినీ కొందరు నిందించారు. పొద్దుటినుండి నిలబడే ఉన్నవాడు కూర్చోవడము నేరమా? తలలు లెక్కపెడితే తలలే దొరుకుతాయి, మనుషులు దొరకరు. మన కళాశాల యాత్రలను నడిపే అధ్యాపకులకూ విద్యార్థి నాయకులకూ ఈ సంగతి పనికివస్తుందనే ఇక్కడ వ్రాస్తున్నాము.

వాదన ముదురుతుండగా వెనుక వరుసలో నుండి ఆ పిల్ల తండ్రి లేచాడు. రైల్వేలో గ్యాంగుమను, సమావేశాలలో మాట్లాడే అలవాటు లేని మనిషి. "మా అమ్మాయిని పంపుతానండి. పేరు పెట్టి పిలవండి, చాలు" అని కూర్చున్నాడు. తీర్మానము వీగిపోయింది.

ఆ తరువాతి యాత్ర డోర్నకల్లుకు. రెండు నోటుపుస్తకాలలో పేర్లు వ్రాసుకొని, ఆగిన ప్రతిచోటా ఇద్దరు విడివిడిగా పిలిచారు; డ్రైవరు పేరూ క్లీనరు పేరూ కూడా అందులో ఉన్నవి. ఒక్కొక్క పిలుపుకు పావుగంట పట్టింది. డ్రైవరు దారి పొడుగునా విసుక్కుంటూనే ఉన్నాడు.