అమ్మ చూడని డ్రాయింగ్

పీహెచ్‌డీ కోసం పల్లెల్లో తిరిగి ఆడవాళ్ల పాటలు రికార్డు చేసుకొచ్చాను. ఇంటికొచ్చి వింటే ముసలమ్మల గొంతుల కంటే వెనక హోరే ఎక్కువ. ఖరీదైన రికార్డరు కొనే స్తోమత లేదు. మైకుకీ రికార్డరుకీ మధ్య పెట్టే చిన్న ప్రీఆంప్లిఫయరు ఇంట్లోనే చేసుకుందామనుకున్నాను.

విడిభాగాల కోసం కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్తే, ఒక దుకాణంలో నా చీటీ చూసి "సార్‌ని పంపండి మేడమ్, ఆయనకి వివరంగా చెప్తాను" అన్నారు. మా ఇంట్లో సార్ ఎవరూ లేరు. ఉన్నది అమ్మ. పద్నాలుగేళ్లు ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో బోర్డుల మీద సోల్డరింగ్ చేసిన మనిషి.

రాగి బోర్డు మీద ఒకసారి తప్పు గీస్తే అది పారేయాల్సిందే. అందుకే ముందు కంప్యూటర్‌లో చూసుకోవాలి. సర్క్యూట్ పనిచేస్తుందో లేదో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి మూలం 1970ల తొలినాళ్లలో బర్క్‌లీలో పుట్టిన 'స్పైస్'. ఉచితంగా దొరికే ఎల్‌టీస్పైస్‌తో మొదలుపెట్టాను. రెసిస్టర్లు తప్పుగా కలిపాను, బ్యాటరీ తిరగేసి పెట్టాను. ఏదీ కాలిపోలేదు, ఎవరూ నవ్వలేదు. స్కూలు ల్యాబులో మగపిల్లలు మీటరు పట్టుకుంటే రీడింగులు రాసుకోవడమే నా పనిగా ఉండేది. ఎవరూ చూడకుండా తప్పులు చేసే అవకాశం నాకు ముప్పై దాటాక దొరికింది.

హోరు తగ్గించడానికి 10 కిలో ఓమ్‌ల రెసిస్టరుకి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు కలిపాను. కరెంటు తీగల 50 హెర్ట్జ్ హోరు మూడో వంతుకు పడిపోయింది. సంబరపడ్డాను. కానీ ఆ ఫిల్టరు 160 హెర్ట్జ్ దగ్గరే కోత మొదలుపెడుతోంది. వయసుతో బొంగురుపోయిన ఆడగొంతులు కొన్ని అక్కడే ఉంటాయి. తెర మీద గీత అందంగానే ఉంది, పాట మాత్రం పలచబడుతుంది. కెపాసిటరు 0.22కి మార్చాను. హోరు కొంత మిగిలితే మిగలనీ.

ఇక బోర్డు గీయడానికి దేన్ని ఎంచుకోవాలి? తెలిసినవాళ్లు ఈగిల్ అన్నారు. దాని ఉచిత రూపంలో బోర్డు 80 చదరపు సెంటీమీటర్లు దాటకూడదనే పరిమితి ఉండేది. నా బోర్డుకి అది చాలు. అయితే 2026 జూన్ 7తో దాన్ని ముగిస్తున్నట్టు ఆటోడెస్క్ కంపెనీ 2023లోనే ప్రకటించింది. నా గీతలు తెరవాలా వద్దా అన్నది ఇంకొకరు తేల్చడం నాకు నచ్చలేదు. ఆడవాళ్ల రాతలు ఎవరెవరి పెట్టెల్లోనో పడి చెదలు పట్టడం గురించే కదా నా థీసిస్‌లో ఒక అధ్యాయం! చివరికి కీక్యాడ్ తీసుకున్నాను. 1992లో ఫ్రాన్స్‌లో ఒక అధ్యాపకుడు మొదలుపెట్టిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అది. 2018 నుంచి సిమ్యులేషన్ కూడా అందులోనే చేసుకోవచ్చు. నేర్చుకోవడానికి నెల పట్టింది.

గీతల మధ్య దూరాలు సరిచూసే పరీక్షలో నా బోర్డు నెగ్గింది. అమ్మని పిలిచి చూపించాను. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"ఇక్కడ ఇంత దగ్గరగా పెట్టావేమిటే? ఇస్త్రీపెట్టెతో అంటిస్తానంటున్నావు, రెండూ కలిసిపోవూ?"

నిజమే. సాఫ్ట్‌వేర్ తనంతట తాను పెట్టుకున్న దూరం 0.2 మిల్లీమీటర్లు. అది ఫ్యాక్టరీ యంత్రాలకి సరిపోయే కొలత. లేజర్ ప్రింటు కాగితాన్ని ఇస్త్రీపెట్టెతో రాగి మీద ఒత్తే మా వంటింటికి కాదు. దాన్ని 0.5 చేసి మళ్లీ గీశాను.

"మీ ఫ్యాక్టరీలో ఈ డ్రాయింగులు చూసేదానివా అమ్మా?"

"మాకెందుకు చూపిస్తారు? నమూనా బోర్డు ఒకటి ముందు పెట్టేవాళ్లు. దాన్ని చూసి చేసుకుపోవడమే. ఫలానా చోట అంటుకుపోతోంది సార్ అంటే, నీ పని నువ్వు చూసుకో అనేవాళ్లు."

ఆ పద్నాలుగేళ్లలో అమ్మ ఎన్ని తప్పులు కనిపెట్టి మింగేసిందో ఏ రికార్డులోనూ లేదు. పల్లెపల్లెకీ వెళ్లి ముసలమ్మల్ని పాటలడిగాను గానీ, ఇంట్లో ఉన్న ఈ మనిషిని తన పని గురించి ఒక్కసారీ అడగలేదు.

డ్రాయింగు కింద కుడి మూలన తేదీ, పేరు, కంపెనీ రాసుకునే గళ్లు ఉంటాయి. ఆ రాత్రి అక్కడ ఇద్దరి పేర్లూ రాశాను. అమ్మ పేరు ముందు. తర్వాత రికార్డరు తెచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాను.