పొగగొట్టంలోంచి పోతున్న జీతాలు

ఇంట్లో గ్యాస్ పొయ్యి మంట పసుపుపచ్చగా మారి, గిన్నె అడుగు నల్లబడితే ఆడవాళ్లు ఇట్టే పసిగడతారు, గ్యాస్ వృథా అవుతోందని. ఆ పాటి గమనింపు ఫ్యాక్టరీల్లో ఎందుకుండదో ఇన్నేళ్ల సర్వీసులోనూ నాకు అర్థం కాలేదు.

నేను పటాన్‌చెరు వైపు ఒక కెమికల్ ఫ్యాక్టరీలో థర్మిక్ ఫ్లూయిడ్ హీటర్ చూసుకుంటాను. ఫర్నేస్ ఆయిల్ మండించి, పైపు చుట్టల్లో తిరిగే నూనెను 250 డిగ్రీల దాకా వేడి చేస్తాం. రియాక్టర్లకు వేడిని మోసుకెళ్లేది ఆ నూనే. ఆ మధ్య ఆయిల్ ఖర్చు పెరిగిపోయిందని, మా సెక్షన్లో ఇద్దరు కాంట్రాక్టు హెల్పర్లను తీసేద్దామన్న మాట వచ్చింది. ఇద్దరూ పిల్లలుగల వాళ్లే. ‘‘వారం రోజులు టైమివ్వండి సార్, ముందు పొగ సంగతి చూద్దాం’’ అన్నాను.

అద్దెకు తెచ్చిన ఎనలైజర్‌ను పొగగొట్టంలో పెడితే ఆక్సిజన్ 8 శాతం చూపించింది. ఆయిల్ మంటకు 3 శాతం దరిదాపుల్లో ఉంటే చాలు. అంటే అక్కర్లేని గాలిని లోపలికి తోసి, దాన్ని కూడా మన ఆయిల్‌తోనే కాచి, ఆకాశంలోకి వదులుతున్నామన్నమాట! అలాగని గాలి మరీ తగ్గించినా ముప్పే. ఆయిల్ సరిగా కాలక నల్లపొగ, మసి. అందుకే కార్బన్ మోనాక్సైడ్ రీడింగ్ చూసుకుంటూ డంపర్‌ను కొద్దికొద్దిగా మూశాం. ఆక్సిజన్ 4 శాతానికి దిగింది.

తర్వాత మసి. పైపుల మీద మసి పేరుకుంటే వేడి నూనెకు ఎక్కదు, పొగతో పాటు పోతుంది. హీటర్ ఆపి, పూర్తిగా చల్లారాక శుభ్రం చేశాం. బర్నర్ నాజిల్ కూడా కడిగాం. ఆ పనంతా చేసింది ఆ హెల్పర్లే. మళ్లీ వెలిగించాక పొగ వేడి 40 డిగ్రీలకు పైగా తగ్గింది. సుమారు 22 డిగ్రీలు తగ్గితే ఇంధనంలో 1 శాతం మిగులుతుందని లెక్క. గాలి, మసి రెండూ కలిపి చూస్తే, మిగిలిన ఆయిల్ డబ్బు ఇద్దరి జీతాలకూ మించిపోయింది. కొత్త మెషీను ఒక్కటీ కొనలేదు.

వాళ్లిద్దరూ ఇప్పటికీ మాతోనే ఉన్నారు. పొగగొట్టం టెంపరేచర్ షిఫ్టుకోసారి పుస్తకంలో రాయడం వాళ్ల డ్యూటీ. అంకె నాలుగు రోజులు వరుసగా పెరిగిందంటే ‘‘మసి పట్టిందన్నా’’ అని వాళ్లే చెప్తారు. మీ దగ్గర బాయిలరో, హీటరో ఉంటే ముందు అలాంటి పుస్తకం ఒకటి పెట్టండి. జీతాల రిజిస్టరు తర్వాత తెరవొచ్చు.