డునెడిన్ పిల్లలు చెప్పిన సంగతి

ప్రపంచ పటంలో న్యూజిలాండును వెతకండి. రెండు పెద్ద దీవులు కనిపిస్తాయి. దక్షిణపు దీవిలో, తూర్పు తీరాన డునెడిన్ అనే ఊరుంది. 1848లో స్కాట్లండు నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరు. ఎడింబరోకి గేలిక్ భాషలో ఉన్న పేరే దీనికీ పెట్టుకున్నారు. ఊరంతా ఎత్తుపల్లాలే. ఇక్కడి బాల్డ్విన్ వీధి ప్రపంచంలోకెల్లా నిటారైన వీధిగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. మూడడుగులు ముందుకు వేస్తే ఒక అడుగు పైకెక్కినట్టే! ఊరి నడుమ ఎనిమిది మూలల కూడలి, అందులో కవి రాబర్ట్ బర్న్స్ విగ్రహం. మరికాస్త దూరంలో 1869లో స్థాపించిన ఒటాగో విశ్వవిద్యాలయం.

ఆరోగ్య శీర్షికలో ఈ ఊరి ముచ్చట ఎందుకంటారా? ఈ ఊళ్ళో పుట్టిన పిల్లలు మన ఇళ్ళకి పనికొచ్చే సంగతి ఒకటి చెప్పారు.

1972 ఏప్రిల్ నుంచి 1973 మార్చి దాకా ఇక్కడి ప్రసూతి ఆసుపత్రిలో పుట్టిన పిల్లల్లో 1037 మందిని మూడో ఏట విశ్వవిద్యాలయం వారు పరీక్షించారు. అంతటితో వదలలేదు. బడి వయసులో రెండేళ్ళకోసారి, ఆ తరువాత కొన్నేళ్ళకోసారి పిలిచి చూస్తూనే ఉన్నారు. దేశాలు పట్టిపోయిన వాళ్ళను ఖర్చు పెట్టి రప్పించారు. 45వ ఏట పరీక్షకి, బతికున్నవారిలో నూటికి 94 మంది వచ్చారు!

వీరిలో కొందరు చిన్నతనంలోనే గంజాయి మరిగారు. 18 ఏళ్ళలోపు మొదలెట్టి, ఏళ్ళ తరబడి దానికి బానిసలైన వారి ఐ.క్యూ. 38వ ఏటికి సగటున 8 పాయింట్లు పడిపోయిందని 2012లో ప్రకటించారు. ఎనిమిదేగా అనుకోకండి. నూరుమందిని తెలివితేటల్లో తక్కువ నుంచి ఎక్కువకు వరుసలో నిలబెడితే, మధ్యన ఉండవలసినవాడు 29వ చోటికి జారిపోతాడన్నమాట. తరువాత మానేసినా పోయిందంతా తిరిగి రాలేదు. పెద్దయ్యాక మొదలెట్టినవారిలో మాత్రం ఇంత నష్టం కనిపించలేదు.

అంతకుముందు 2002లో మరో సంగతి బయటపెట్టారు. 15 ఏళ్ళకే గంజాయి తాగినవారిలో నూటికి 10 మందికి, తాగనివారిలో ముగ్గురికి, 26వ ఏట స్కిజోఫ్రెనియా తరహా మనోవ్యాధి ఉంది. 11వ ఏటే కొన్ని లక్షణాలు ఉన్నవారిని లెక్కలోకి తీసుకుంటే ఈ తేడా కొంత తగ్గింది.

ఎందుకిలా? మన మెదడు పాతికేళ్ళ దాకా ఎదుగుతూనే ఉంటుంది. నుదుటి వెనక భాగం, అంటే ఆలోచించి ఆగమని చెప్పే భాగం, అన్నిటికన్నా ఆలస్యంగా ముదురుతుంది. ఆ వయసులో మెదడు పనికిరాని తీగలను కత్తిరించి, పనికొచ్చేవాటిని గట్టిపరుచుకుంటుంది. ఈ పనికి సాయపడే సహజ పదార్థాలను పోలినదే గంజాయిలోని టీహెచ్‌సీ. అది చొరబడితే కత్తిరింపు గతి తప్పవచ్చు.

అందరు శాస్త్రజ్ఞులూ ఒప్పుకున్నారా? లేదు. 2016లో కవలల మీద జరిగిన పరిశీలనలో, తాగిన కవలకీ తాగని కవలకీ తెలివిలో పెద్ద తేడా రాలేదు. ఇంటి పరిస్థితులే కారణం కావచ్చన్నారు. కానీ నష్టం లేదని తేలేదాకా పిల్లల మెదళ్ళతో పందెం కాయలేము కదా!

గంజాయి మనకి దూరపు వస్తువేం కాదు. 2024లో హైదరాబాదు పరిసరాల్లో గంజాయి కలిపిన చాక్లెట్లు పట్టుబడ్డాయి. కాబట్టి మీ పిల్లల్ని కనిపెట్టి ఉండండి. చదువులో ఉన్నట్టుండి వెనకబడటం, కొత్త స్నేహాలు దాచడం, ఎర్రబారిన కళ్ళు, వేళకాని నిద్ర, డబ్బు మాయం కావడం గమనించండి. వీటిలో ఒక్కటి కనిపించగానే నేరం మోపకండి. వేరే కారణాలూ ఉంటాయి. కొట్టి, తిట్టి, గదిలో పెట్టి తాళం వేస్తే అబద్ధం నేర్పినట్టే. పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. అవసరమైతే మానసిక వైద్యుడికి చూపించండి. 14446కి, 14416కి ఫోను చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు.

పూర్తిగా ఆపలేకపోయినా, మొదలయ్యే వయసును ఎంత వెనక్కి నెట్టగలిగితే అంత మేలు. పదిహేనేళ్ళ కుర్రాడు ఇవాళ “వద్దు” అంటే, దాని ఫలం అతనికి నలభయ్యో ఏట కూడా అందుతుంది.