మెట్ల మీద ఎవరో

గోడకు కొత్తగా ఒక బొమ్మ తగిలిస్తే మన యిళ్ళలో మొదట వినిపించే ప్రశ్న "ఇదేమిటి?" అన్నదే. లక్ష్మీదేవి కాలెండరుకు ఈ చిక్కు లేదు. ఏనుగులున్నాయి, తామరపువ్వుంది, ఒక నమస్కారం పెట్టి మన పని మనం చూసుకోవచ్చు. నవీన చిత్రకళ దగ్గరికి వచ్చేసరికి రెండే దారులు మిగులుతాయి. అంతా అర్థమైనట్లు తల పంకించడం, లేదా "మా చంటాడు ఇంతకన్న బాగా గీస్తాడు" అని నవ్వేసి వూరుకోవడం. ఈ రెండూ చేయకుండా నేను చాలాసేపు కూర్చుండిపోయింది గగనేంద్రనాథ్ ఠాకూర్ నీటిరంగుల చిత్రాల ముందు.

ఆయన రవీంద్రుడికి అన్నకొడుకు వరస, అవనీంద్రనాథుడికి స్వయానా అన్న. 1867లో కలకత్తాలో పుట్టారు. 1912లో రవీంద్రుని 'జీవనస్మృతి'కి బొమ్మలు వేసింది ఆయనే. 1917 ప్రాంతంలో దొరల వేషాలు వేసే బాబులనూ, పైకి మడీ లోపల లోభమూ గలవారినీ వ్యంగ్యచిత్రాల్లో ఉతికి ఆరవేసిందీ ఆయనే. అంత పేరు వచ్చినవారు ఆ దారినే హాయిగా నడిచిపోవచ్చు. కాని యాభై దాటాక, 1921-22 నాటికి, కొత్త దారి తొక్కారు.

ఆ చిత్రాల్లో ఒక యింటి లోపలి భాగం వుంటుంది. వుంటుందనడానికీ లేదు. మెట్లు పైకి పోతాయి, ఎక్కడికి చేరతాయో తెలియదు. ఒక తలుపు ఓరగా తెరచి వుంటుంది, దాని వెనుక మరో తలుపు. వెలుగు కత్తిరించిన కాగితపు ముక్కల్లాగ కోణాలు కోణాలుగా పడుతుంది. గోడ ఎక్కడ ఆగిందో, నీడ ఎక్కడ మొదలయిందో కన్ను తేల్చుకోలేదు. ఇక ఇదంతా ఉత్త గీతలూ కోణాలే అనుకోబోయే సమయానికి, అదుగో, మెట్ల మీద ఒక మనిషి. మేలిముసుగో, చీకటో, ముఖం మాత్రం కనిపించదు.

ఈ పని నీటిరంగులకే తగినది. నూనెరంగు గోడ కట్టినట్లు నిలుస్తుంది. నీటిరంగు కాగితంలోకి యింకి, అంచు కరిగి, పక్క రంగుతో చెలిమి చేస్తుంది. 1903లో కలకత్తా వచ్చిన యొకొయామా తైకాన్ వంటి జపాను చిత్రకారుల తడికుంచె పద్ధతి ఠాకూర్ల యింట వేరూనింది. ప్రమోదకుమార్ ఛటర్జీ ద్వారా ఆ సంప్రదాయం మన బందరు జాతీయ కళాశాలకు వచ్చింది. అడివి బాపిరాజుగారు కుంచె పట్టింది ఆయన దగ్గరే.

అలంకారశాస్త్రం పాఠం చెప్పేటప్పుడు 'గంగలో గొల్లపల్లె' అన్న పాత వుదాహరణ ఇస్తూ వుంటాము. నీళ్ళలో పల్లె ఎలా వుంటుందని ఎవడూ అడగడు. పల్లె గట్టునే వుంది; కాని 'గంగలో' అన్నందువల్ల గంగ చల్లదనమూ, పావనత్వమూ పల్లెకు అంటుకున్నాయి. అయితే గంగా పల్లే రెండూ మనకు తెలిసినవి కాకపోతే ఆ చల్లదనం కూడా పుట్టదు. గగనేంద్రుడు మెట్లనూ మనిషినీ వదలకపోవడం అందుకే అనుకుంటాను. కోణాలు మాత్రమే అయితే లెక్కల పుస్తకం. మనిషి మాత్రమే అయితే ఫొటో. రెండూ కలిసినచోట మూడోది పలుకుతుంది.

ఆ మూడోదేమిటో నాకు మా అమ్మ చెప్పింది. గోదావరి వొడ్డున మా తాతగారి మండువా యిల్లు నాలుగేళ్ళ కిందట అమ్మేశాము. తప్పెవరిదీ లేదు. పెంకు నేయించే స్తోమత ఎవరికీ లేదు, వుండేవారు అసలే లేరు. కొన్నవారు పడగొట్టి కొత్తది కట్టుకున్నారు. యింటి ముందు తీసిన పెళ్ళిఫొటోలే తప్ప లోపలి భాగానికి ఒక్క ఫొటో లేదు. అమ్మ ఆ యింటి మాట ఎత్తడం మానేసింది. మేమూ ఎత్తేవాళ్ళం కాము.

ఒకరోజు లైబ్రరీనుంచి తెచ్చిన పుస్తకంలో ఈ బొమ్మ తెరచివుంటే అమ్మ కళ్ళజోడు సవరించుకుని చూసింది.

"మన మేడమెట్లు ఇంత వంకరగా వుండేవి కావురా" అంది.

నేను మాట్లాడలేదు. కాసేపటికి, "ఆ నుంచున్నది మీ మామ్మ కదూ?" అంది.

"ముఖం లేదు కదమ్మా!"

"తెల్లవారుజామున ఆవిడ ముఖం ఎవరికి కనబడేది? తాళాలగుత్తి చప్పుడుకి తెలిసేది" అంది. ఆ పూట భోజనాల దాకా యిల్లు గది తరువాత గదిగా చెబుతూనే వుంది.

1922లో స్టెల్లా క్రామ్రిష్ ఆయనను 'భారతీయ క్యూబిస్టు'గా పరిచయం చేస్తూ వ్యాసం రాసింది. ఆ ఏడు డిసెంబరులోనే కలకత్తాలో క్లీ, కాండిన్స్కీల చిత్రాలూ మన చిత్రకారుల చిత్రాలూ ఒకే ప్రదర్శనలో వుంచారు. 1959లో విలియం ఆర్చర్ అనే ఇంగ్లీషు విమర్శకుడు గగనేంద్రుడిది పికాసోకు బలహీనమైన అనుకరణ అని తేల్చేశాడు. తూకం సరే, తూచిన రాయి వేరు. ప్యారిస్‌లో పికాసో, బ్రాక్ సీసానూ గిటారునూ విడదీసింది వస్తువును అన్ని వైపులనుంచీ చూడడానికి. ఈయన వస్తువును విడదీయలేదు, వెలుగును విడదీశారు. ఆ వెలుగులో ఒక మనిషి నిలబడడానికి చోటు చేశారు. రవీంద్రుని నాటకాలకు రంగస్థలం తీర్చిన చెయ్యి గదా అది!

1930లో పక్షవాతం వచ్చి ఆయన కుంచె ఆగిపోయింది. 1938లో కన్నుమూశారు. జొరాసాంకోలో రవీంద్రుని యిల్లు ఈనాడు మ్యూజియంగా నిలిచివుంది. పక్కనే గగనేంద్రుడు బతికిన ఐదో నంబరు యిల్లు మాత్రం అమ్ముడుపోయింది, తరువాత పడగొట్టారు.

నీటిరంగులు ఎండకూ, దీపాలకూ వెలిసిపోతాయి. అందుచేత మ్యూజియంలలో ఇటువంటి చిత్రాలను మసక వెలుతురులో, కొద్దికాలమే బయట పెడతారు. ఎప్పుడైనా తటస్థపడితే వెంటనే "ఇదేమిటి?" అనకండి. ఎండలోంచి వచ్చి పాత యింట్లో అడుగుపెట్టినప్పుడు గడపలో ఒక్క క్షణం ఆగుతామే, అలా ఆగండి. కన్ను అలవాటు పడనివ్వండి. మెట్ల మీద ఎవరున్నారో అప్పుడు తెలుస్తుంది.