ఇంట్లో ఏం వేశారు?

ఆవరణలో గేదెలను నిలబెట్టే ఇనప గొట్టాల చట్రం, పక్కన వేపచెట్టు, దాని కింద సిమెంటు అరుగు. పశువుల ఆసుపత్రిలో ఇప్పటికీ పాడిపశువులదే పెత్తనం. ఆ పొద్దున మాత్రం అరుగు మీద పిల్లులవాళ్లమే ముగ్గురం. నా ఒళ్లో మూతకి తాడు కట్టిన ప్లాస్టిక్ బుట్ట. అందులో మా బూడిదరంగు పిల్లి, ఎడమ కన్ను మూసుకుని నన్ను తిట్టిపోస్తోంది.

డాక్టరమ్మ ఎవరినైనా ముందు అడిగేది ఒకటే. "ఇంట్లో ఏం వేశారు?" ఎన్నాళ్లయింది, తింటోందా లేదా అన్నవన్నీ ఆ తరవాతే.

మామ్మగారొకరు నందివర్ధనం పూలు పెట్టారట. "ఉంచుకుంటేనా తల్లీ, తినబోయింది" అన్నారావిడ. కాలేజీ కుర్రాడు పన్నీరు చుక్కలు వేశాడు. నా వంతుకి నోరు పెగల్లేదు. నాన్నగారి శుక్లాల ఆపరేషను తరవాత వాడిన చుక్కల మందు సగం మిగిలి ఉంటే, మనిషికి పనికొచ్చింది పిల్లికి పనికిరాదా అని రెండు రోజులు వేశాను. ఎరుపు తగ్గింది కూడా! మూడో రోజు కన్ను తెరవడం మానేసింది.

సీసా మీది చీటీ చదివి, "ఇందులో స్టిరాయిడ్ ఉందండీ" అని మాత్రం అన్నారు.

కాంపౌండరు పిల్లిని తువ్వాలులో చుట్టి తలొక్కటే బయట పెట్టాడు. దీనికంటే గేదె నయమని గొణిగాడు. నారింజ రంగు కాగితపు పట్టీని సెలైన్‌తో తడిపి కంటికి తాకించి, కడిగి, గదిలో దీపం ఆర్పి నీలం లైటు వేశారు. ఆ రంగు బాగున్న నల్లగుడ్డుకి అంటదు, పైపొర చెదిరినచోటే నిలుస్తుంది. మా పిల్లి కంట్లో చెట్టుకొమ్మ చీలినట్టు సన్నటి పచ్చగీత మెరిసింది. అంత అందమైన గాయం నేనెప్పుడూ చూడలేదు.

పిల్లుల హెర్పిస్ వైరస్ పని అది. కూనగా ఉన్నప్పుడు పట్టుకుని, నరాల్లో దాక్కుని, ఒంటికి కష్టమొచ్చినప్పుడు లేస్తుంది. మేం ఇల్లు మారి పదిహేను రోజులైంది. స్టిరాయిడ్ ఎరుపునైతే అణిచింది, వైరస్‌కి మాత్రం తలుపులు తీసింది. అది మనుషులకు అంటదని చెబితే నాన్నగారు గుర్తొచ్చి ఊపిరి పీల్చుకున్నాను. సూక్ష్మజీవులు చేరకుండా చుక్కలు, వైరస్‌కి ఫామ్‌సిక్లోవిర్ మాత్రలు రాసి, "షాపువాళ్లు అలాంటిదేనని ఆసైక్లోవిర్ ఇస్తే తీసుకోకండి, పిల్లి ఒంటికి అది విషం" అని రెండుసార్లు చెప్పారు. గోక్కోకుండా మెడకి గరాటులాంటి పట్టా కట్టారు.

మామ్మగారి కూనది వేరే కథ. ముందొక కన్ను, నాలుగు రోజులకి రెండోది, రెప్పలు ఉబ్బి పచ్చటి పుసి. క్లమిడియా అనుకుంటున్నామన్నారు. డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు, కన్ను తేటపడినా ఆపకూడదు. మాత్ర వెంటనే సిరంజితో నీళ్లు పట్టించాలి, లేకపోతే అది గొంతులో అతుక్కుని పుండు చేస్తుంది. "నాలుగు వారాలే!" అని మామ్మగారు చీటీని కొంగున ముడివేసుకున్నారు.

కుర్రాడి పర్షియన్ పిల్లికి అసలు ఏ సూక్ష్మజీవీ లేదు. చప్పిడి ముఖం కోసం తరతరాలుగా మనుషులు ముక్కు నొక్కేస్తే కన్నీటికి దారి వంకరపోయింది, అంతే. గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో రోజూ తుడవాలి, కంటికో దూది. ముద్దొస్తోందని డబ్బు పోసి కొనేది ఈ బాధనే.

వారం తరవాత మళ్లీ నీలం లైటు. గీత పోయింది, చిన్న చుక్క మిగిలింది. ఇంటికొచ్చి చుక్కల సీసా పారేయబోతే నాన్నగారు పట్టుకున్నారు. సగం ఉంది కదరా, అన్నారు. మూత తీసి నెల దాటింది, మీకూ పనికిరాదన్నాను. కిటికీ దగ్గర వెలుగులో పెట్టి ఇంకెంత ఉందో చూస్తున్నారు.